ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్

మా చిలకలూరిపేట నుండి హైదరాబాదుకు మొదటిసారి వెళ్లినవారెవరైనా చార్మినార్ ముందు నిలబడి ఫొటో తీయించుకోనిదే తిరిగిరారు. పూర్వం అక్కడ తిరిగే వీధి ఫొటోగ్రాఫరు తీసి ఇచ్చేవాడు. ఇప్పుడు ఎవరి సెల్‌ఫోనులో వారే తీసుకుంటున్నారు. కొంతకాలం క్రితం విద్యార్థులతో కలిసి విహారయాత్రకు వెళ్లినప్పుడు మేమూ ఆ పనే చేశాము. గుల్జార్ హౌజ్ వైపు నుండి ఎన్నిసార్లు తీసినా ఒకటే తంతు: ఫోను పైకెత్తి చూపగానే నాలుగు మీనారులూ పైకిపోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలిపోయి, కట్టడమంతా వెనుకకు పడిపోతున్నట్లు కనిపించింది. అంతకుముందు ఒక గ్రంథంలో చార్మినార్ పాత ఛాయాచిత్రాన్ని మేము చూసి ఉన్నాము. అందులో మీనారులు నాలుగూ తూనికగుండు వేసి కట్టినట్లు నిటారుగా నిలిచి ఉన్నవి. బరువైన కొయ్య కెమెరాతో, పగిలితే పనికిరాని గాజుపలకలతో, మనకంటె నూరేళ్లకు పైబడిన కాలం ముందు ఆ చిత్రాన్ని తీసినవారెవరా అని విచారించగా లాలా దీన్ దయాళ్ జీవితం మా ముందు తెరుచుకొన్నది. ఉర్దూ, తెలుగు రెండూ పలికే మన కళాశాల సంచికలో ఆయనను గురించి రాయుట సముచితమని తోచి ఈ నాలుగు పుటలకు పూనుకొన్నాము.

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపమందలి సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. వంశవృత్తి రత్నాల వ్యాపారం. ఆయన మాత్రం రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి, చదువు ముగించుకొని, 1866లో ఇందూరు సంస్థానంలోని పనుల శాఖ కార్యాలయంలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో ప్రవేశించారు. కట్టడానికి ఎంత రాయి, ఎంత సున్నం, ఎంత కూలి పట్టునో లెక్కకట్టుట, దాని ముఖభాగాన్ని కాగితంపై కొలతలతో గీయుట ఆయన నిత్యకృత్యం. ఆయన జీవితచరిత్ర రాసేవారు ఈ ఉద్యోగాన్ని ఒక్క వాక్యంలో దాటవేసి రాజదర్బారులకు పరుగెత్తుతారు. మా మట్టుకు మేము ఇక్కడనే కొంచెం నిలువదలచినాము. కెమెరా పట్టకముందు ఎనిమిదేళ్లపాటు గోడ నిలువును, కమాను వంపును, స్తంభాల నడిమి దూరాన్ని గీతలో పెట్టిన చేయి అది. తరువాత ఆయన తీసిన ప్రతి భవనంలోనూ ఆ డ్రాఫ్ట్స్‌మన్ కనబడుతూనే ఉంటాడు.

1874 ప్రాంతంలో ఆయన ఫొటోగ్రఫీ ప్రారంభించారు. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ప్రోత్సహించారు. మధ్యభారతంలో గవర్నరు జనరలు ప్రతినిధిగా ఉండిన సర్ హెన్రీ డేలీ పరిచయం లభించింది. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను చిత్రించే అవకాశం కలిగింది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతాలు తిరిగి పాత కట్టడాలను చిత్రించగా, ఆ చిత్రాలు మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడాలపై గ్రిఫిన్ రచించిన గ్రంథంలో 1886లో వెలువడినవి. గ్వాలియరు కోట, ఖజురాహో ఆలయాలు, సాంచీ స్తూపం వాటిలో ఉన్నవి. సాంచీ పేరు వినగానే గుంటూరు సీమవారికి అమరావతి తలపునకు రాక మానదు. మెకంజీ దొర 1816లో మన మహాచైత్యపు శిల్పాలకు రేఖాచిత్రాలు గీయించాడు. కెమెరా వచ్చేనాటికి చైత్యం చైత్యంగా లేనేలేదు. 1858లో మద్రాసులో ట్రైప్ అనే దొర కెమెరాకు దొరికినవి అక్కడికి తరలిపోయిన విడి పలకలు మాత్రమే. సాంచీ తోరణాలు నిలిచి ఉండగానే దీన్ దయాళ్ కెమెరా చేరింది. ఏ కట్టడం ముందుకు ఎవరు ఏ సంవత్సరంలో వచ్చి నిలబడ్డారన్నది చిన్న విషయం కాదు.

1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువుకు ఫొటోగ్రాఫరుగా నియామకం పొందారు. అప్పటికే హైదరాబాదుతో సంబంధం ఏర్పడింది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1884లో పూర్తి అధికారాలు స్వీకరించిన యువకుడు. వేట, కవిత్వం, కొత్త వస్తువులు అన్నిటియందూ మక్కువ గలవాడు. ఆయన ఆదరణతో దీన్ దయాళ్ సర్కారు ఉద్యోగం వదలి, 1886లో సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆస్థాన ఛాయాచిత్రకారులై దక్కనులో స్థిరపడినారు. 1894లో నిజాము ఆయనకు రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. కుంచె పట్టినవానికి చెల్లే మాటను కెమెరా పట్టినవానికి ఇచ్చుట ఆ కాలానికి సామాన్యమైన గౌరవం కాదు. ఉత్తరాది జైనుడు, ముస్లిము ప్రభువు, తెలుగు నేల, ఉర్దూ బిరుదు: ఈ కలయికను అప్పటి హైదరాబాదులో ఎవరూ వింతగా చూచినట్లు లేదు.

మన గుంటూరు సర్కారు మాత్రం 1788లోనే నిజాము చేజారి కుంఫిణీ పాలైనది. మన బజారులు, మన కొండవీడు ఆ నిజాము చిత్రకారుని దారికి దూరంగా ఉండిపోయినవి. ఆ కొరతను తరువాత ముచ్చటిస్తాము.

ఇప్పుడు ఆయన పనితీరు. ఫొటోగ్రఫీ నేర్చిన తొలినాళ్లలో తడిపలక పద్ధతి వాడుకలో ఉండేది. గాజుపలకపై కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడిగి తేల్చవలెను. వీధిలో చిత్రం తీయవలెనంటే గుడారం, రసాయనాల సీసాలు, నీటి కావడి అన్నీ వీధిలోకే రావలెను. 1880 తరువాత జెలటిన్ పూతగల పొడిపలకలు దొరకసాగినవి. పలకలు ముందే తెచ్చుకొని, చిత్రాలు తీసి, స్టూడియోకు వెళ్లి తీరికగా తేల్చుకొనే వెసులుబాటు కలిగింది. నగర వీధుల చిత్రణకు ఇది ఎంత మేలు చేసిందో ఊహించుకొనవచ్చు. అయినను పది, పన్నెండు అంగుళాల గాజుపలకలు, కొయ్య కెమెరా, ముక్కాలిపీట కలిపితే మోయుటకు మనుషులు కావలసినదే. నల్లగుడ్డ కప్పుకొని గరుకు అద్దంలో చూస్తే దృశ్యం తలకిందులుగా కనబడుతుంది. చార్మినార్‌ను తలకిందులుగా చూస్తూ దాని నిలువును సరిచూడవలెను!

మా ఫోనులో మీనారులు వాలిపోవుటకు కారణం ఆ తరువాతనే బోధపడింది. పైకి చూడాలని కెమెరాను వంచితే చిత్రం పడే పలక కూడా వంగుతుంది. వంగిన పలకపై సమాంతరంగా ఉండవలసిన గీతలు పైన కలవబోతాయి. ఆనాటి తిత్తి కెమెరాలలో పలకను నిటారుగానే ఉంచి, ముందున్న కటకాన్ని మాత్రం పైకి జరుపుకొనే ఏర్పాటు ఉండేది. అదీ చాలకపోతే ఎదురుగా ఉన్న మేడ ఎక్కవలెను. కట్టడపు ముఖభాగాన్ని కొలతలు చెడకుండా గీయనేర్చినవానికి ఈ కిటుకు ఒకరు చెప్పవలసిన పని లేదు. తరువాతి ఉదయం మేమూ ఒక దుకాణదారుని బతిమాలి ఆయన మేడపైకి ఎక్కి తీసినాము. మీనారులు చాలామట్టుకు నిలబడినవి.

చార్మినార్, చౌమహల్లా, గోల్కొండ సమాధులు, ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ ప్రాసాదం మొదలైనవన్నీ ఆయన పలకలపై పడినవి. ఫలక్‌నుమా నేడు హోటలుగా నిలిచి ఉన్నది. బషీర్‌బాగ్ ప్రాసాదం నేలమట్టమై, నగరంలో ఒక పేటకు పేరుగా మిగిలింది. ఇటుక లేదు; చిత్రం ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రజలు మరణించారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిపోయింది, వంతెనలు దెబ్బతిన్నవి, ఏటి ఒడ్డు పేటలు ఆనవాలు లేకుండా పోయినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి వీధులను వెడల్పు చేయించింది. అందుచేత 1908కి ముందరి హైదరాబాదు వీధి ఎట్లుండెనో చూడవలెనంటే పాత గాజుపలకలే శరణ్యం. దీన్ దయాళ్‌కు ఆ వరద సంగతి తెలియదు. ప్రభువు తన రాజధాని వైభవం చూపుకొనుటకు తీయించినాడు, ఆయన తీసినారు. చార్మినార్‌కు గడియారాలు అమర్చినది 1889లో. కావున పాత చిత్రంలో గడియారం లేకపోతే అది అంతకు ముందరిదని ఎవరైనా చెప్పగలరు.

అయితే ఆయన చిత్రాలన్నిటినీ ఒకే గాట కట్టి పొగడుట మావల్ల కాదు. చచ్చిన పులుల చుట్టూ తుపాకులతో నిలబడిన దొరలు, విందుబల్లల ముందు వరుసగా కూర్చున్న నవాబులు మమ్ములను త్వరలోనే విసిగించారు. వీధి చిత్రాలలో మనసు నిలుస్తుంది. కట్టడం కోసం కటకపు రంధ్రాన్ని చిన్నది చేస్తే పలకకు వెలుగు చాలుటకు ఎక్కువసేపు పడుతుంది. ఆ వ్యవధిలో కదలకుండా నిలిచినవాడు స్పష్టంగా పడతాడు, నడిచిపోయినవాడు పొగవలె మిగులుతాడు. కుతూహలంతో పని మాని నిలిచి కెమెరా వైపు చూచినవారికే చరిత్రలో ముఖం దక్కింది. ఔరంగాబాదు ప్రాంతపు కరువు సహాయ పనులను చిత్రించినప్పుడు మాత్రం బీదజనం ఆ కెమెరా ముందుకు వచ్చారు. ఆ ఆల్బము కూడా పాలకుల సత్కార్యాలు చూపుటకు తయారైనదే. అయినా ఆ డొక్కలు చూచిన కంటికి ఫలక్‌నుమా దీపగుచ్ఛాలు మునుపటివలె కనబడవు.

1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, ఒక ఆంగ్లవనితను నిర్వాహకురాలిగా నియమించుట పేర్కొనదగినది. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో స్థాపించారు. విక్టోరియా రాణి ఫొటోగ్రాఫరనే హోదా కూడా లభించింది. ఇందరు ప్రభువుల నడుమ నెగ్గుకువచ్చిన ఆయనకు చివరి దినాలు కఠినమైనవి. కుమారులు జ్ఞానచంద్, ధరంచంద్ ఇద్దరూ వృత్తిలో చేదోడుగా ఉండగా, 1904లో ధరంచంద్ మరణించాడు. మరుసటి సంవత్సరం, 1905 జూలైలో, ఆయన కూడా కన్నుమూశారు. అప్పటికి అరువది యొక్క ఏండ్లు. పెద్ద స్టూడియోల కాలమే క్రమంగా క్షీణించింది. వంశీకుల వద్ద మిగిలినవాటిలో 2857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలాశాఖ ఆయన పేర స్మారక బిళ్ల విడుదల చేసింది.

మన ఊరి సంగతి చెబుతామని పైన అన్నాము. చిలకలూరిపేట బజారు నూరేళ్ల క్రితం ఎట్లుండెనో చూపే చిత్రం కోసం ఈ వ్యాసం రాస్తూ ఇల్లిల్లూ అడిగినాము. పెళ్లిఫొటోలు దొరికినవి, పెద్దవారి ముఖచిత్రాలు దొరికినవి. వీధి మాత్రం పెళ్లివారి వెనుక ఒక మూలగా, మసకగా దొరికింది. ఒక ఇంట పందిరి గుంజల సందున ఎదుటి పెంకుటింటి అరుగు, దానిపై కూర్చున్న ఒక ముసలాయన కనబడ్డారు. ఆయనెవరో ఆ ఇంటివారికి తెలియలేదు. ఆ పెంకుటింటి స్థానంలో ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉన్నది.

ఆ చిత్రం చూచిన తరువాత మా విద్యార్థులు కొందరు ఊరిలో మిగిలిన పెంకుటిళ్లు, పాత మసీదుల ముఖద్వారాలు, గుడి వీధులు, దుకాణాల మీది చేతిరాత బోర్డులు ఫొటోలు తీయసాగినారు. ప్రతి ఫొటో వెనుక తేదీ, వీధి పేరు, ఎక్కడ నిలబడి తీసినదీ రాయవలెనని మేము నియమం పెట్టినాము. ఇంతవరకు నలుబది దాకా చేరినవి. కొన్నింటిలో గోడలు ఇంకా వాలుతూనే ఉన్నవి.