డొక్కా సీతమ్మ

డొక్కా సీతమ్మ (1841 - 1909) కోనసీమలోని లంకల గన్నవరం గ్రామానికి చెందిన గృహిణి. జీవితమంతా అన్నదానానికి అంకితం చేసి, అపర అన్నపూర్ణగా ఆంధ్రదేశంలో ప్రసిద్ధి పొందింది. జమీ గానీ, పదవి గానీ లేని ఒక సాధారణ స్త్రీకి ఇంతటి కీర్తి దక్కడం ఆ కాలంలో అరుదైన విషయం.

బాల్యము, వివాహము

సీతమ్మ 1841లో తూర్పు గోదావరి ప్రాంతంలోని మండపేటలో జన్మించింది. తల్లి నరసమ్మ, తండ్రి అనుపిండి భవానీశంకరం. అడిగినవారికి లేదనక అన్నం పెట్టేవాడు గనుక భవానీశంకరాన్ని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారు. చిన్నతనంలోనే తల్లి మరణించగా ఇంటి బాధ్యత సీతమ్మపై పడింది. లంకల గన్నవరానికి చెందిన మోతుబరి రైతు, వేదపండితుడు అయిన డొక్కా జోగన్న పండితసభ నుండి తిరిగి వస్తూ ఒక మధ్యాహ్నం వారింట అతిథిగా భోజనం చేశాడనీ, ఆ పరిచయమే వివాహానికి దారితీసిందనీ చెబుతారు.

అన్నదానము

లంకల గన్నవరం గోదావరి పాయల నడుమ ఉన్న గ్రామం. అప్పట్లో కోనసీమలో ప్రయాణమంటే కాలినడక, ఎడ్లబండి, పడవ. రేవు దాటడం ఆలస్యమైతే బాటసారులు ఆకలితో ఉండిపోవలసిందే. పూటకూళ్ళ ఇళ్ళు అన్నిచోట్లా ఉండేవి కావు. వరదల కాలంలో లంకవాసుల స్థితి మరింత కష్టం. ఇటువంటి చోట వేళ కాని వేళ వచ్చినవారికి కూడా కులమత భేదం చూడక వండి వడ్డించడమే సీతమ్మ నిత్యకృత్యం. దీనికి ఆధారం జోగన్న పొలాల పంటే తప్ప వేరే ధర్మనిధి కాదు.

ఆమెను గురించి మహిమల కథలు చాలానే ఉన్నాయి. అయితే ఆమె స్వభావాన్ని తెలిపేది వాటికంటే అంతర్వేది యాత్ర వృత్తాంతమే. నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన సీతమ్మ, దారిలో ఒక పెళ్ళిబృందం వారు ఆకలిగొన్న పిల్లలకు గన్నవరం చేరితే సీతమ్మ ఇంట భోజనం దొరుకుతుందని నచ్చజెప్పడం విని, యాత్ర మానుకొని వారికంటే ముందుగా ఇల్లు చేరి వంట మొదలుపెట్టిందట.

ఆమె కీర్తి బ్రిటిషు ప్రభుత్వం వరకూ వెళ్ళింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవాలకు ఆహ్వానం రాగా ఆమె తిరస్కరించిందనీ, అధికారులు ఆమె ఛాయాచిత్రాన్ని తీయించి పంపారనీ ప్రతీతి. సీతమ్మ 1909లో మరణించింది.

గన్నవరం వద్ద వైనతేయ నదిపై నిర్మించిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది; 2025లో దానిని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు విస్తరించింది.

ఇంటిపేరు

తెలుగులో డొక్క అంటే కడుపు. పాండిత్యాన్ని డొక్కశుద్ధి అనడమూ వాడుకలో ఉంది. వేదపండితుడైన భర్తకూ, వేలమంది కడుపు నింపిన భార్యకూ ఈ ఇంటిపేరు కుదరడం యాదృచ్ఛికమే. చాలా తెలుగు ఇంటిపేర్ల వలెనే డొక్కా కూడా ఒకే ప్రాంతానికి, ఒకే కులానికి పరిమితం కాదు. షెడ్యూల్డు కులాలకు కేటాయించిన గుంటూరు జిల్లా తాడికొండ నియోజకవర్గం నుండి 2004, 2009 ఎన్నికలలో శాసనసభకు ఎన్నికై, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిగా పనిచేసిన డొక్కా మాణిక్య వరప్రసాద్ ఇంటిపేరూ ఇదే.