డాక్టరు కానూరి లక్ష్మణరావు: నీరు, విద్యుత్తు, ఎండ

కృష్ణామండలమున జన్మించి, భారతదేశమందలి మహానదులన్నింటిని ఒక్క లెక్కలోనికి తీసికొనిరా సాహసించిన ఇంజనీరు డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు. ఆయన పేరు తలచినంతనే ఆంధ్రులకు నాగార్జునసాగరము జ్ఞప్తికి వచ్చును. నీటిని గూర్చి ఎంత ఆలోచించిరో, ఆ నీటిని పైకెత్తు శక్తిని గూర్చియు అంత ఆలోచించిన మంత్రి ఆయన యని గుర్తించువారు తక్కువ. ఆయన సంకల్పములలో అన్నిటికంటె గొప్పది నెరవేరలేదు. దానికి నీరు లేకపోలేదు. నీటిని ఎత్తుటకు కావలసిన విద్యుత్తు, దాని వ్యయము అడ్డుపడినవి. నాడు దేశమున లేని ఆ శక్తిని నేడు ఎడారులలోని ఎండనుండి తీయుచున్నారు. ఈ రెండు సంగతులను కలిపి చూచినచో ఆయన జీవితము మనకు చక్కగా బోధపడును.

లక్ష్మణరావుగారు 1902 జూలై 15వ తేదీన కంకిపాడులో మధ్యతరగతి కుటుంబమున జన్మించిరి. బెజవాడనుండి బందరు పోవు బాటపై, పచ్చని మాగాణి నడుమ నున్న ఊరది. ఆ పచ్చదనము అనాదినుండి ఉన్నది కాదు. 1832-33 నాటి నందన కరవు గుంటూరు సీమను శవాలదిబ్బగా చేసెను. తరువాత ఇరువది యేండ్లకుగాని బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పని మొదలు కాలేదు. 1855లో అది పూర్తియై కాలువలు పారిన పిమ్మట ఆ సీమ అన్నపూర్ణ యయ్యెను. లక్ష్మణరావుగారు పుట్టునప్పటికి కాలువనీరు రైతుల నిత్యజీవితములో భాగమైపోయినది. అయినను కరవును కన్నులార చూచిన తాతల మాటలు ఇండ్లలో ఇంకను వినబడు కాలమది.

బాల్యము సుఖముగా గడువలేదు. తొమ్మిదవ యేట తండ్రి గతించిరి. పాఠశాలలో ఆటలాడుచుండగా గాయమై ఒక కంటిచూపు పోయినది. గీతలు గీయుట, కొలతలు చూచుట ప్రధానమైన ఇంజనీరు విద్యకు ఇంతకంటె పెద్ద ఆటంకము మరియొకటి యుండబోదు. ఆయన ఆ విద్యనే ఎన్నుకొనిరి. మద్రాసు విశ్వవిద్యాలయమునుండి ఇంజనీరింగులో మాస్టరు పట్టము పొందిన తొలి విద్యార్థి ఆయనయే. రంగూనులో ఆచార్యులుగా పనిచేసిరి. ఇంగ్లండునకు పోయి 1939లో బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు గడించిరి. ఇనుప కడ్డీలతో కూర్చిన కాంక్రీటు కట్టడములు ఆయన ప్రత్యేక విషయము. అక్కడనే కొంతకాలము బోధించి, స్వదేశమునకు తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వమున రూపకల్పన ఇంజనీరుగా చేరిరి.

స్వతంత్ర భారతమున ఆనకట్టల యుగము ఆరంభమైన వేళ అది. 1950లో ఆయన ఢిల్లీలోని కేంద్ర జల విద్యుత్ సంఘమున రూపకల్పన శాఖకు డైరెక్టరైరి. 1954లో చీఫ్ ఇంజనీరు పదవి లభించెను. ఆనాడు కృష్ణానదిని గూర్చి పెద్ద వివాదము నడచుచుండెను. కృష్ణానీటిని పెన్నా మీదుగా మద్రాసు వైపు మళ్లింపవలెనను పథకమొకటి. నందికొండవద్ద ఆనకట్ట కట్టి తెలుగునేలకే పారింపవలెనను వాదమొకటి. 1952లో ఖోస్లా సంఘము నందికొండకు అనుకూలముగా నివేదిక ఇచ్చెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు అచ్చట శంకుస్థాపన చేసిరి. అదియే నాగార్జునసాగరము.

ఆ మహాసేతువు రూపకల్పనలో లక్ష్మణరావుగారి హస్తము ప్రముఖమైనది. విదేశములలో అంతటి ఆనకట్టలను యంత్రములతో, కాంక్రీటుతో కట్టుచుండగా మనము రాతితో కట్టితిమి. నాడు దేశమున సిమెంటు కొరత. విదేశీ యంత్రములకు డబ్బు కొరత. పనికొరకు ఎదురుచూచు చేతులకు మాత్రము కొరత లేదు. ఆ విధముగా 124 మీటర్ల ఎత్తున, వేలాది శ్రామికుల చేతులమీదుగా, ప్రపంచమున రాతికట్టడపు ఆనకట్టలలో కెల్ల మిన్నయైనది లేచినది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ గుంటూరు మెట్టలకు, ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము సీమలకు, కృష్ణాజిల్లా మెట్టకు పారినవి. డెల్టాలో పుట్టిన ఇంజనీరు డెల్టాకు ఎగువనున్న మెట్టలకు నీరందించుటకై శ్రమించిరను మాట మరువరాదు.

అంతకు ముందే ఆయన ప్రజాజీవితమున ప్రవేశించిరి. 1962, 1967, 1971 ఎన్నికలలో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. 1963లో పద్మభూషణ బిరుదము లభించెను. ఆ యేడే నెహ్రూ మంత్రివర్గమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖలో మంత్రియైరి. ఇంచుమించు దశాబ్దము ఆ శాఖతో ఆయనకు సంబంధము కలదు. నీరు, విద్యుత్తు ఒకే శాఖలో నుండుట ఆయన స్వభావమునకు ఒప్పినది. ఆ కాలముననే భాక్రా ఆనకట్ట జాతికి అంకితమైనది. థార్ ఎడారికి హిమాలయనదుల నీటిని కొనిపోవు రాజస్థాన్ కాలువ పని సాగినది. పల్లెలకు, పంటపొలముల పంపులకు విద్యుత్తు తీగెలు వేయుటకై 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసినది.

1972లో ఆయన గంగా-కావేరీ అనుసంధాన పథకమును దేశము ముందుంచిరి. పాట్నాకు సమీపమున గంగ వరదనీటిని సెకనుకు 60,000 ఘనపుటడుగుల చొప్పున, ఏడాదికి 150 దినములు తోడి, 2,640 కిలోమీటర్ల మార్గమున దక్షిణమునకు తెచ్చుట దాని సారాంశము. ఉత్తరమున వరదలు ఊళ్లను ముంచు ఋతువుననే దక్షిణమున బీళ్లు నోళ్లు తెరచియుండుట ఆయనకు ప్రకృతి దోషముగా గాక, లెక్కలోని లోపముగా తోచినది.

అయితే గంగకును దక్షిణాపథమునకును నడుమ వింధ్యపర్వతములు కలవు. వాటిని దాటింప సెకనుకు 1,400 ఘనపు మీటర్ల నీటిని 549 మీటర్ల ఎత్తునకు ఎక్కింపవలెను. ఘనపు మీటరు నీరనగా ఒక టన్ను. కావున సెకను సెకనుకు 1,400 టన్నుల బరువును నాగార్జునసాగరపు ఎత్తునకు నాలుగింతలకు మించి ఎత్తుట! ఇందులకు 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు కావలయును. 1974లో దేశమందలి విద్యుత్కేంద్రముల మొత్తము శక్తియే 17,000 మెగావాట్లకు లోపు. ఉన్నదానిలో మూడవ వంతును ఒక్క కాలువకు ధారపోయుట సాధ్యమా? వ్యయము భరింపరానిదని నిపుణులు దానిని ప్రక్కన పెట్టిరి. నదుల అనుసంధానమను భావము మాత్రము చావలేదు. 1982లో ఏర్పడిన జాతీయ జలాభివృద్ధి సంస్థ ఆ బాటలో వేరు పథకములను పరిశీలింపసాగెను.

ఇప్పుడు ఎడారుల మాటకు వత్తము. లక్ష్మణరావుగారి కాలమున థార్ ఎడారి నీరు అడుగు నేల. నేడది విద్యుత్తు నిచ్చు నేల. రాజస్థానములోని భడ్లావద్ద సుమారు 14,000 ఎకరములలో పరచిన సౌరఫలకములు 2,245 మెగావాట్ల శక్తి కలవి. మన రాయలసీమ ఎడారి కాకపోయినను వానకు కరవైన సీమయే. పూర్వపు కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామములవద్ద 2017లో 1,000 మెగావాట్ల సౌరక్షేత్రము పూర్తియైనది. మబ్బు తక్కువ, ఎండ ఎక్కువ, సాగునేల స్వల్పము: ఏ లక్షణములు ఆ సీమలను దరిద్రపరచెనో అవియే నేడు వాటికి ధనమైనవి. 2025 నాటికి దేశమున సౌరవిద్యుత్కేంద్రముల శక్తి లక్ష మెగావాట్లను దాటినది. 1972లో దుస్సాధ్యముగా తోచిన 7,000 మెగావాట్లు దానిలో పదునాలుగవ వంతు మాత్రమే.

ఇంతమాత్రమున ఆయన పథకము తేలికయైనదని విద్యార్థులు తలపరాదు. గంగ పొంగు ఋతువు వానకారు. అప్పుడే మబ్బులు కమ్మి ఎండ మందగించును. రాత్రివేళ సౌరఫలకము వట్టి పలకయే. ఎడారిధూళిని కడుగుటకు సయితము నీరు కావలయును. ఖాళీయని మనము తలచు నేల పలుచోట్ల పశువులకు మేతబీడు. నదిని మళ్లించునపుడు దిగువవారి హక్కులు, నదిలోని జీవరాశి మాటయు ఉండనే యున్నవి. ఎండ ఎంత ఉన్నను ఈ ప్రశ్నలకు మనుష్యులే సమాధానము చెప్పవలెను.

ఇచ్చట విచిత్రమైన సంగతి యొకటి కలదు. పగటి ఎండను రాత్రికి దాచుటకు నేడు తెలిసిన మేలైన ఉపాయములలో నొకటి ఆనకట్టయే. ఎండ ఉన్నపుడు మిగులు విద్యుత్తుతో నీటిని పై జలాశయమునకు ఎక్కించి, చీకటి పడిన పిమ్మట దానిని క్రిందికి విడిచి విద్యుత్తు తీయుదురు. నాగార్జునసాగరమున 1978 మొదలు నెలకొల్పిన ఎనిమిది యంత్రములలో ఏడు ఇట్లు రెండు దిక్కుల తిరుగగలవి. కర్నూలు సీమలోని పిన్నాపురమువద్ద ఎండను, గాలిని నీటి నిల్వతో ముడిపెట్టు 1,680 మెగావాట్ల పథకము చేపట్టబడినది. వానసీమకు కట్టిన ఆనకట్ట ఎండసీమకు తోడగుచున్నది. నీటిని, విద్యుత్తును వేరుచేసి చూడని లక్ష్మణరావుగారికి ఇది వింతగా తోచియుండదు.

మంత్రిపదవి వీడిన పిదప ఆయన కలము పట్టిరి. భారతదేశ జలసంపదను గూర్చిన గ్రంథము 1975లో, ఆత్మకథ 1978లో వెలువడినవి. ఆత్మకథకు క్యూసెక్స్ క్యాండిడేట్ అని పేరిడిరి. క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీటి పారుదల. ఓటర్లముందు నిలిచిన మనుష్యుడు తన్ను తాను నీటికొలతతో పరిచయము చేసికొనుట మన రాజకీయ చరిత్రలో అరుదు. 1986 మే 18వ తేదీన ఆయన దివంగతులైరి.

గంగ కావేరిని చేరలేదు. కాని 2015లో పట్టిసీమవద్ద 24 పంపులు గోదావరి నీటిని ఎత్తి, పోలవరము కుడికాలువ ద్వారా విజయవాడ ఎగువన కృష్ణలో కలిపినవి. ఎగువ జలాశయములు నిండక నారుమళ్లు ఎండు సంవత్సరములలో డెల్టాను ఆదుకొన్నవి ఆ విద్యుత్తు పంపులే. నాగార్జునసాగరమునకును ప్రకాశం బరాజుకును నడుమ, డెల్టా తొలకరి పంటకొరకు 45 టి.ఎం.సీ.ల నీటిని నిలుపు పులిచింతల జలాశయమునకు డాక్టరు కె. ఎల్. రావు సాగరమని పేరిడిరి. మెట్టకు నీరిచ్చిన వాని పేరు తుదకు డెల్టా నీటిపై నిలిచినది. ఆ నీరు త్రాగి చదువుకొను విద్యార్థులు ఆయన పేరుతోపాటు ఆయన లెక్కకట్టిన తీరును గూడ నేర్చుకొనవలెను. ఎంత నీరు, ఎంత ఎత్తు, ఎంత శక్తి, ఎవరికి మేలు, ఎవరికి నష్టము అని అడుగనిదే ఏ గొప్ప పనిని మెచ్చుకొనరాదు. అడిగిన పిమ్మట భయపడి విడువనురాదు.