ఆ మీసం తీసేస్తే ఆయనెవరు?

ఓ చిన్న పరీక్ష. కాగితం మీద గుండ్రటి టోపీ, దాని కింద బుల్లి మీసం, పక్కన వంపు తిరిగిన చేతికర్ర గీయండి. ముఖం అక్కర్లేదు. ఎవరికి చూపించినా చార్లీ చాప్లిన్ అనేస్తారు. ఇప్పుడు టోపీ, మీసం లేని ఆయన ఫొటో చూపించండి. మా ఆఫీసులో నేను చూపిస్తే ఒక్కరూ పోల్చుకోలేదు. మనకు బాగా తెలిసింది ఆయన వేసిన పాత్రే మరి!

చాప్లిన్ పుట్టింది 1889 ఏప్రిల్ 16న. పెరిగింది లండన్‌లో. అమ్మానాన్నలిద్దరూ స్టేజీ కళాకారులే. నాన్న ఇంటిని పట్టించుకోలేదు. అమ్మ హన్నాకి ముందు గొంతు పోయింది, తర్వాత మతి చలించింది. ఏడేళ్ల వయసులో అన్న సిడ్నీతో కలిసి నిరుపేదలు తలదాచుకునే వర్క్‌హౌస్‌కు చేరారు. చదువు అంతంతమాత్రం. చేతిలో ఉన్న విద్య నటన ఒక్కటే.

ఫ్రెడ్ కార్నో హాస్య బృందంతో 1910లో అమెరికా వెళ్లారు. 1913లో కీస్టోన్ స్టూడియో వారానికి 150 డాలర్లకు తీసుకుంది. తొలి సినిమాలో పొడవాటి టోపీ, వేలాడే మీసంతో కనిపించారు. ఆ వేషం ఇవాళ ఎవరికీ గుర్తులేదు. వెంటనే ఇంకోటి ప్రయత్నించారు. వదులు ప్యాంటు, బిగుతు కోటు, చిన్న టోపీ, పెద్ద బూట్లు. వయసు ఎక్కువ కనిపించాలని మీసం, అదీ ముఖంలో భావాలు దాచేయనంత చిన్నది. జేబులో పైసా లేకపోయినా పెద్దమనిషిలా నడిచే దేశదిమ్మరి. 1914 ఫిబ్రవరిలో తెరమీదికొచ్చాడు.

డిజైన్ చేసేవాళ్లకి ఇదో పాఠం. రంగుల్లేవు, మాటల్లేవు. నీడ పడినా గుర్తుపట్టేయొచ్చు. ఫోన్‌లో మంచి యాప్ ఐకాన్ చేసే పని కూడా ఇదే కదా! రెండేళ్లు తిరిగేసరికి, 1916లో, మ్యూచువల్ కంపెనీ ఇచ్చిన ఒప్పందం విలువ ఏడాదికి 6,70,000 డాలర్లు.

పేరొస్తే కాపీలూ వస్తాయి. చార్లెస్ అమడార్ అనే నటుడు ‘చార్లీ ఆప్లిన్’ పేరుతో అదే వేషం వేశాడు. చాప్లిన్ కోర్టుకెళ్లారు. 1928లో అప్పీలులోనూ గెలిచారు. టోపీ, కర్ర ఎవరైనా కొనుక్కోవచ్చు. వాటితో ప్రేక్షకుల్ని మోసం చేయడమే తప్పు అని తేలింది.

తర్వాత టాకీలొచ్చాయి. దేశదిమ్మరి మాట్లాడితే ఒక్క భాషవాడైపోతాడు. అందుకే 1931లో వచ్చిన ‘సిటీ లైట్స్’లో కూడా అతనితో మాట్లాడించలేదు. 1936లో ‘మోడరన్ టైమ్స్’తో సాగనంపేశారు. ప్రపంచం మొత్తానికి తెలిసిన ముఖాన్ని చేతులారా పక్కన పెట్టడం మాటలు కాదు.

మీసం మాత్రం ఇంకోసారి పనికొచ్చింది. హిట్లర్ ఆయనకన్నా నాలుగు రోజులే చిన్న, మీసమూ అలాంటిదే. ఆ పోలికనే ఆయుధం చేసుకుని 1940లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ తీశారు. చివర్లో వేషం పక్కనపెట్టి, తన మాటగా ప్రేక్షకులతో మాట్లాడారు.

ఆయన రాజకీయ అభిప్రాయాలు అమెరికాలో చాలామందికి నచ్చలేదు. 1952లో లండన్ బయల్దేరగానే, తిరిగొచ్చే అనుమతిని అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. పాత్రకి ఏ దేశంలోనూ వీసా అక్కర్లేదు. మనిషికి మాత్రం తలుపు మూసేశారు! స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డారు.

ఇరవయ్యేళ్ల తర్వాత, 1972లో, గౌరవ ఆస్కార్ కోసం మళ్లీ అమెరికా పిలిచింది. స్టేజీ ఎక్కింది మీసం లేని, నెరిసిన జుట్టున్న 82 ఏళ్ల పెద్దాయన. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత ఆయన చేతికి ఆ టోపీ, కర్ర అందించారు. 1977 క్రిస్మస్ రోజున కన్నుమూశారు.

మన ప్రొఫైల్ ఫొటో, రెజ్యూమె, రీల్స్ పేజీ కూడా ఒకరకంగా వేషాలే. శ్రద్ధగా కుట్టించుకుందాం. హక్కు మన దగ్గరే ఉంచుకుందాం. ఎప్పుడు విప్పాలో కూడా తెలుసుకుందాం.