అరచేతిలో పాఠాలు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫీడింగ్ హిల్స్ అనే ఊళ్లో 1866 ఏప్రిల్ 14న యాన్ సలివన్ జన్మించింది. ఆమె తల్లిదండ్రులు ఐర్లండు నుంచి బతుకుతెరువు కోసం వలస వచ్చిన పేదలు. సుమారు ఐదేళ్ల వయసులో ఆమెకు ట్రకోమా అనే కంటిజబ్బు సోకింది. మంచి వైద్యం చేయించే స్తోమత ఆ ఇంట్లో లేదు. చూపు మసకబారుతూ వచ్చింది. ఎనిమిదేళ్లప్పుడు తల్లి మరణించింది. కొంతకాలానికి తండ్రి పిల్లలను వదిలి వెళ్లిపోయాడు. 1876లో యాన్‌నూ, ఆమె తమ్ముడు జిమ్మీనీ ట్యూక్స్‌బరీలోని పేదల శరణాలయంలో చేర్చారు. కొద్ది నెలలకే జిమ్మీ అక్కడ కన్నుమూశాడు.

ఒకసారి ఆ శరణాలయాన్ని తనిఖీ చేయడానికి అధికారులు వచ్చారు. యాన్ వారి వెంటపడి, తనను బడికి పంపమని ప్రాధేయపడింది. ఆ విధంగా 1880లో, పద్నాలుగేళ్ల వయసులో, బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. అప్పటికి ఆమెకు తన పేరు రాయడం కూడా రాదు. అటువంటి బాలిక 1886లో తన తరగతిలో ప్రథమురాలిగా నిలిచింది. శస్త్రచికిత్సల వల్ల ఆమెకు కొంత చూపు తిరిగి వచ్చింది.

ఆ పాఠశాలలోనే లారా బ్రిడ్జ్‌మన్ అనే ఆవిడ ఉండేది. ఆమెకు చూపు లేదు, వినికిడీ లేదు. ఆమెతో మాట్లాడాలంటే వేలి అక్షరాలు రావాలి. ఒక్కొక్క అక్షరానికి వేళ్లను ఒక్కొక్క విధంగా మడిచి ఎదుటివారి అరచేతిలో ఉంచుతారు. వారు దానిని తాకి గుర్తుపడతారు. యాన్ ఆ అక్షరాలు నేర్చుకుంది.

అలబామా రాష్ట్రంలోని టస్కంబియాలో హెలెన్ కెల్లర్ అనే బాలిక ఉండేది. ఆమె 1880 జూన్ 27న జన్మించింది. పందొమ్మిది నెలల వయసులో వచ్చిన జబ్బు ఆమె చూపునూ వినికిడినీ పోగొట్టింది. 1887 మార్చి 3న యాన్ ఆ ఇంటికి ఉపాధ్యాయురాలిగా వెళ్లింది. నీటి పంపు దగ్గర ఆమె ఒక చేతిమీద నీరు పడుతుండగా రెండో చేతిలో ఆ మాట రాయడం, ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంటుందని హెలెన్ గ్రహించడం చాలామందికి తెలిసిన కథే. అది ఏప్రిల్ 5న జరిగింది. ఆ తరువాతి పదిహేడేళ్ల శ్రమ గురించి అంతగా చెప్పుకోరు.

హెలెన్ అందరు విద్యార్థినులతో కలిసి కళాశాలలో చదవాలని నిశ్చయించుకుంది. అందుకు సిద్ధం కావడానికి 1896లో కేంబ్రిడ్జి బాలికల పాఠశాలలో చేరింది. అటువంటి విద్యార్థినికి చదువు చెప్పిన అనుభవం అక్కడి ఉపాధ్యాయులకు లేదు. యాన్ తరగతిలో హెలెన్ పక్కన కూర్చుని, ఉపాధ్యాయులు చెప్పే ప్రతి మాటనూ ఆమె చేతిలో రాసేది. ప్రధానోపాధ్యాయుడు గిల్మన్, జర్మన్ భాష బోధించే ఉపాధ్యాయురాలు మాత్రమే వేలి అక్షరాలు నేర్చుకున్నారు. పాఠ్యపుస్తకాలు చాలావరకు బ్రెయిలీ లిపిలో దొరకలేదు. వాటినీ యాన్ చదివి చేతిలో రాయవలసిందే. 1897లో తొలి పరీక్షలకు హెలెన్‌ను విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆమె టైపు మిషను చప్పుడు ఇతరులకు ఇబ్బంది కలిగించకూడదు కదా! గిల్మన్ ప్రశ్నలను ఆమె చేతిలో చదివి వినిపించాడు. ఆమె అన్నిటిలోనూ ఉత్తీర్ణురాలైంది.

రెండో ఏడు తరగతులు పెద్దవయ్యాయి. ఉపాధ్యాయులు హెలెన్‌కు ప్రత్యేకంగా సమయం కేటాయించలేకపోయారు. భారమంతా యాన్ మీద పడింది. రేఖాగణితంలో ఉపాధ్యాయుడు నల్లబల్లమీద గీసే బొమ్మలు హెలెన్‌కు ఎలా తెలియాలి? వంచిన తీగలను ఒక దిండుమీద గుచ్చి, ఆ బొమ్మలను వేళ్లతో తడిమి తెలుసుకునేది. ఆమె అలసిపోతోందని, చదువును మరికొన్ని ఏళ్లకు పొడిగించాలని గిల్మన్ అభిప్రాయపడ్డాడు. యాన్ ఒప్పుకోలేదు. చివరకు ఆమెను హెలెన్ నుంచి వేరు చేయడానికి అతడు ప్రయత్నించాడు. ఇద్దరూ హెలెన్ మేలు కోరినవారే. అయితే పదేళ్లుగా తనకు లోకాన్ని అందిస్తున్న చెయ్యి దూరమైతే ఆ బాలికకు మిగిలేది ఏమిటో అతడు ఊహించలేకపోయాడు. హెలెన్ తల్లి యాన్ పక్షం వహించింది. 1897 డిసెంబరులో వారు ఆ పాఠశాలను విడిచిపెట్టారు. ఆ తరువాత హెలెన్ కీత్ అనే ఉపాధ్యాయుని వద్ద ప్రత్యేకంగా చదువుకుంది.

హెలెన్ ప్రతిభ నిజానికి యాన్‌దేనని అనుమానించేవారు ఆ రోజుల్లో లేకపోలేదు. 1899లో జరిగిన చివరి ప్రవేశపరీక్షలలో ప్రశ్నలు చదివి చెప్పడానికి యాన్‌ను అనుమతించలేదు. పెర్కిన్స్ ఉపాధ్యాయుడు ఒకరు ప్రశ్నపత్రాలను బ్రెయిలీలోకి ఎత్తి రాశారు. ఆనాడు బ్రెయిలీలో ఒకటికి మించిన పద్ధతులు ఉండేవి. బీజగణితంలో హెలెన్ అలవాటు పడిన గుర్తులు వేరు, ప్రశ్నపత్రంలోని గుర్తులు వేరు. ఆ సంగతి పరీక్షకు రెండు రోజుల ముందు గాని ఆమెకు తెలియలేదు. హడావిడిగా కొత్త గుర్తులు నేర్చుకుని రాసింది. యాన్ పక్కన లేకుండానే ఉత్తీర్ణురాలైంది.

1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరింది. తోటి విద్యార్థినులు ఉపన్యాసం వింటూ రాసుకునేవారు. హెలెన్ చేతులు వినడానికే సరిపోయేవి. అందువల్ల ఇంటికి వచ్చాక గుర్తున్నంతవరకు రాసుకునేది. యాన్ రోజూ గంటల తరబడి పుస్తకాలు చదివేది. అసలే బలహీనమైన ఆమె కళ్లు మరింత దెబ్బతిన్నాయి. ఏ భాగమైనా మళ్లీ చదవమంటావా అని ఆమె అడిగినప్పుడు, మరచిపోయినా సరే, అక్కరలేదని హెలెన్ అబద్ధమాడేది.

1904లో హెలెన్ ప్రత్యేక శ్రేణిలో పట్టం పుచ్చుకుంది. చూపూ వినికిడీ లేనివారిలో బి.ఎ. పట్టం పొందిన మొదటి వ్యక్తి ఆమె. నాలుగేళ్లు ఆ తరగతులలోనే కూర్చుని, ఆ పుస్తకాలన్నీ చదివిన యాన్‌కు ఆ కళాశాల ఏ పట్టమూ ఇవ్వలేదు.

జీవితం చివరి రోజులలో యాన్‌కు చూపు పూర్తిగా పోయింది. 1936 అక్టోబరు 20న ఆమె మరణించింది. 1955లో హెలెన్ భారతదేశంలో పర్యటించింది. తన గురువు జీవితాన్ని ‘టీచర్’ అనే పుస్తకంగా వెలువరించింది కూడా ఆ సంవత్సరమే. యాన్ చితాభస్మాన్ని వాషింగ్టన్‌లోని జాతీయ ప్రార్థనాలయంలో ఉంచారు. 1968లో హెలెన్ మరణించిన తరువాత ఆమె చితాభస్మాన్ని కూడా అక్కడే, గురువు చెంతనే ఉంచారు.