ప్లేగు టీకా నొసగిన హాఫ్‌కిన్ మహాశయుడు

మహమ్మారి ప్రబలినప్పుడు ఔషధ మెంత ముఖ్యమో ప్రజల విశ్వాసమును అంతే ముఖ్యము. ఈ సత్యమును చాటు ఒక మహాశయుని చరితమును మేము చదువరుల ముందుంచుచున్నాము.

వాల్డెమార్ హాఫ్‌కిన్ 1860 లో నాటి రష్యా సామ్రాజ్యమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఒడెస్సా విశ్వవిద్యాలయమున విద్య ముగించి, పిమ్మట పారిస్ నగరమందలి పాస్టర్ పరిశోధనాలయమున చేరెను. అచ్చట కలరాకు టీకామందు సిద్ధపరచి, 1892 లో మొదట తన శరీరముననే పరీక్షించుకొనెను. మరుసటి యేడు భారతదేశమునకు వచ్చి వేలకొలది జనులకు ఆ టీకా వేసెను.

1896 లో బొంబాయిలో ప్లేగు పొడసూపెను. ప్రభుత్వము పంపగా హాఫ్‌కిన్ అచ్చటికి వెళ్లెను. గ్రాంటు వైద్య కళాశాలలో ఆయనకు లభించినవి ఒక చిన్న గదియు, ఒక వసారాయు మాత్రమే. ఒక గుమాస్తాయు, ముగ్గురు బంట్రోతులును తోడుండిరి. మూడు మాసములలో టీకామందు సిద్ధమయ్యెను. 1897 జనవరి 10 వ తేదీన దానిని తానే మొదట వేయించుకొని, జ్వరమును నొప్పిని ఓర్చెను. పిమ్మట బైకుల్లా చెరసాలలో ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు వేయగా, వేయించుకొనని వారికంటె వారిలో రోగము తక్కువగా కనబడెను.

ఆ యేడే పూనాలో అధికారులు సైనికులచే ఇండ్లు సోదా చేయించి, రోగులను బలవంతముగా తరలించిరి. జనులు భయపడి రోగులను దాచిరి. జూన్ నెలలో ప్లేగు అధికారి రాండుపై కాల్పులు జరిగెను, ఆయన మరణించెను.

1902 లో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున 107 మందికి టీకాలు వేయగా, ఒకే సీసానుండి పొందిన 19 మంది ధనుర్వాతముచే మృతిచెందిరి. టీకా యనిన జనులు భీతిల్లిరి. తక్కిన 88 మందికి ఏ హానియు కలుగకున్నను, నేరము పరిశోధనాలయముపై మోపి హాఫ్‌కిన్‌ను పదవినుండి తొలగించిరి. సీసా తెరచిన పటకారు నేలపై పడెననియు, అది సరిగా శుద్ధి కాలేదనియు సాక్ష్యముండెను. రోనాల్డ్ రాస్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆయన పక్షమున వాదింపగా, 1907 లో గాని ఆ నింద తొలగలేదు. ఆయన మరల భారతదేశమునకే వచ్చి పనిచేసెను. 1925 లో బొంబాయి పరిశోధనాలయమునకు ఆయన పేరిడిరి. 1930 లో స్విట్జర్లండునందు ఆయన కన్నుమూసెను.

ఇందుండి అధికారులు నేర్వదగినవి మూడు: ఇతరులను కోరుపనిని తాము ముందు చేయవలెను; భయపెట్టక నచ్చజెప్పవలెను; ఆపద కలిగినప్పుడు, నింద మోపుటకు ముందు నిజము శోధింపవలెను. బాలబాలికలారా! రేపు మీలో వైద్యులును అధికారులును కానున్నవారు ఈ మూడింటిని మరువకుందురుగాక.