గబ్బిలాన్ని రాయబారం పంపిన జాషువా

వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1970లో గుర్రం జాషువాకు కళాప్రపూర్ణ ఇచ్చింది. అదే ఏడు పద్మభూషణ్. మరుసటేడు జులై 24న ఆయన వెళ్లిపోయారు. రేవులో, ఉక్కు ఫ్యాక్టరీలో పనికోసం పల్లెలొదిలి వచ్చినవాళ్ల పిల్లలు ఇవాళ ఆ విశ్వవిద్యాలయం మెట్లెక్కుతున్నారు. వాళ్లకు జాషువా అంటే బిరుదుల జాబితా, కూడలిలో విగ్రహం మాత్రమే కావడం మాకు నచ్చదు.

పుట్టింది 1895 సెప్టెంబర్ 28న, వినుకొండలో. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవం పుచ్చుకున్నా కులం వదల్లేదు. పొట్టకోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథా మాటలూ చదివారు. తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ బడిలో పంతులయ్యారు.

జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర ఆయన మేఘసందేశం చదువుకున్నారు. మాకు ఇదే అసలు ఘట్టం. అమెరికాలో రిచర్డ్ రైట్‌కు మెంఫిస్ గ్రంథాలయం పుస్తకాలివ్వదు, నల్లవాడు కాబట్టి. ఒక తెల్లవాడి కార్డు అడిగి పుచ్చుకుని, అతని కోసమేనని చెప్పి తెచ్చుకుని చదివాడు. రైట్ నవల ‘నేటివ్ సన్’ 1940లో వచ్చింది, జాషువా ‘గబ్బిలం’ 1941లో. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి రాసినవి కావు.

కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో కబురంపాడు. జాషువా నాయకుడు చెప్పులు కుట్టేవాడు. అతని కబురు విరహం కాదు, ఆకలీ అంటరానితనమూ. గుడి తలుపు అతనికి మూత. గబ్బిలాన్ని మాత్రం గర్భగుడిలో ఎవరూ ఆపరు. అందుకే కాశీలో శివుడికి చెప్పమని దాన్నే పంపాడు.

దేవుడికి అర్జీ ఏమిటి, ఆ పాత పద్యాలేమిటి అని అడిగే మిత్రులు మాలోనూ ఉన్నారు. అడగాల్సిందే. కానీ ఆ రోజుల్లో పద్యం కూడా ఒక గుడే. జాషువా అందులోకి అనుమతి అడక్కుండా నడిచారు. చివరికి చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి అంతటివాడు ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. రాజు మాట తప్పితే కుమిలిపోయిన పారశీక కవి కథ ‘ఫిరదౌసి’ అంతకుముందే, 1932లో రాశారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

కూతురు హేమలతా లవణం పద్యాల దారిన పోలేదు. నిజామాబాద్ జిల్లా పల్లెల్లో జోగిని ఆచారం మీద పోరాడారు. జోగినులుగా మార్చడాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది 1988లో.