ఖారవేల మహారాజు – కళింగనగర నృత్యసమాజములు

మహేంద్రగిరి మొదలు అరకు లోయ మీదుగా గోదావరి వరకు సాగిన తూర్పు కనుమలకును సముద్రమునకును నడుమనున్న నేలను పూర్వులు కళింగమనిరి. కాలమును బట్టి దాని యెల్లలు పెరుగుచు తరుగుచు వచ్చినవి. కొండలలోని అటవీజనులు మాత్రము ఏ రాజు వచ్చినను, ఏ రాజు పోయినను ఆ నేలకు ఇరుగుపొరుగువారుగనే యుండిరి. ఈ దేశమును క్రీస్తునకు పూర్వము ఏలిన స్వదేశీయ ప్రభువులలో పేరు నిలిచినవాడు ఖారవేలుడు. ఆయన క్రీ. పూ. 2వ శతాబ్దివాడని కొందరును, 1వ శతాబ్దివాడని కొందరును చెప్పుదురు. ఇప్పటి పండితులలో పెక్కుమంది రెండవ పక్షమునకే మొగ్గుచున్నారు. పురాణములు ఆయన పేరెత్తలేదు. ఒడిశాలో భువనేశ్వరమునకు చేరువనున్న ఉదయగిరిపై, హాథీగుంఫా యను గుహ నొసట, ప్రాకృతభాషలో బ్రాహ్మీలిపితో చెక్కిన 17 పంక్తులే ఆయన జీవితచరిత్రము.

ఆ పంక్తులు ఏటేటి లెక్కగా నడచును. ఖారవేలుడు చేదివంశీయుడు, మహామేఘవాహన బిరుదాంకితుడు. 15 ఏండ్లు బాల్యక్రీడలలో గడచినవి. పిమ్మట 9 ఏండ్లు యువరాజుగా నుండి వ్రాతయు, నాణెముల పరీక్షయు, లెక్కలును, వ్యవహారధర్మమును నేర్చెను. 24 ఏండ్లు నిండినంతట పట్టాభిషేకము జరిగెను. గాలివానకు దెబ్బతిన్న కోటగోడలను, ద్వారములను, చెరువుగట్లను, తోటలను బాగుచేయించుటయే ఆయన మొదటి యేటి పని. అందులకు 35 లక్షలు వ్యయమయ్యెను. తూర్పు తీరపు తుపానుల నెరిగినవారికి ఈ పద్దు వింతగా తోచదు. రెండవ యేట శాతకర్ణిని లెక్కచేయక పడమటికి సేనలను పంపెను. అవి కణ్హబెణ్ణా నదివరకు పోయి ఒక నగరమును గడగడలాడించెను. ఆ నది కృష్ణయని కొందరును, వైనగంగయని కొందరును తలంతురు.

మూడవ యేట యుద్ధము లేదు, కట్టడమును లేదు. గాంధర్వవేదమున పండితుడైన రాజు నృత్యగీతవాద్యములతో, ఉత్సవములతో, సమాజములతో నగరమును వినోదపరచెనని మాత్రమే శిల చెప్పును. ఒక సంవత్సరపు రాచరికమును లోకమునకు చాటుకొనుటకు ఇంతకంటె వేరొకటి అక్కరలేదని ఆ రాజు తలంచెను. ఆయనకప్పటికి ఇరువదియారేండ్లు. గాంధర్వవేదపండితుడనుట పొగడ్త కావచ్చును. రాజశాసనములలో పొగడ్తకు కొదువయుండదు. కాని ఆ వేడుకలు అంతఃపురమునకు గాక నగరమునకు జరిగెననుట గమనింపదగినది.

సమాజమను మాటకు నేటి యర్థము వేరు. నాటి భాషలో జనులు గుంపుగూడి ఆటపాటలు చూచెడి వేడుకకే ఆ పేరు. ఆ మాటకు కళింగదేశమున ఒక పాతకథ కలదు. ఖారవేలునికి నూరేండ్లకు మించి ముందు, క్రీ. పూ. 261 ప్రాంతమున, అశోకుడు ఈ దేశమును జయించెను. ధౌళి కొండపైనను, ఋషికుల్యా తీరమున జౌగడయందును ఆయన చెక్కించిన మొదటి శిలాశాసనము ప్రాణిహింసతోపాటు సమాజములను గూడ నిషేధించినది. వానియందు ఆ ప్రభువునకు అనేకదోషములు కనబడెను. మంచి సమాజములును కొన్ని యున్నవని ఆ శాసనమే ఒప్పుకొనుటచే, మద్యమాంసములతో కూడిన కూటములనే ఆయన మనసునందుంచుకొనెనని పలువురు భావింతురు. అశోకుడు వినోదద్వేషి కాడు. విమానములను, ఏనుగులను, అగ్నిరూపములను ప్రజలకు చూపించినట్లు వేరొక శాసనమున తానే చెప్పుకొనెను. అయినను ఆయన దృష్టిలో ప్రజ మందలింపదగినదే. ఎఱ్ఱగుడి మున్నగుచోట్ల గల పదుమూడవ శాసనమున అటవీజనులకు కూడ హెచ్చరిక తప్పలేదు. ఓడిపోయిన దేశమున నిషేధము రాతిపై నిలిచినప్పుడు అచ్చటి ఆటగాండ్రకును పాటగాండ్రకును అది ఎట్లు వినబడెనో ఊహింపవచ్చును.

ధౌళికిని ఉదయగిరికిని నడుమ దూరము కొద్ది మైళ్ళు. అంత చేరువనే, నిషేధము పొందిన ఆ మాటనే తీసికొని, తాను సమాజములను నడిపించితినని ఖారవేలుడు చెక్కించెను. అశోకుని పేరెత్తలేదు, ఎత్తవలసిన యవసరమును లేదు.

శాసనము చివర ఈ విషయమునకు సంబంధించినదని కొందరు తలంచెడి మరియొక వాక్యము కలదు. మౌర్యుల కాలమున తెగిపోయినదానిని రాజు తిరిగి నిలిపెనని దాని భావము. అది జైనుల అంగగ్రంథములని కాశీప్రసాద్ జయస్వాల్ మతము. అరువదినాలుగు అంగములు గల తౌర్యత్రికము, అనగా నృత్యగీతవాద్యములని వేరొక పక్షము. శిల అరిగిపోవుటచే ఆ తగవు తెగలేదు. మూడవ యేటి మాటను ప్రక్కనుంచుకొని చదివినచో రెండవ పక్షము చక్కగా పొసగును. జైనుడైన రాజు జైనమునుల కొండపై చెక్కించిన శాసనమని తలంచినచో మొదటిదియు త్రోసివేయరానిది.

ఉదయగిరి గుహలన్నిటిలో పెద్దది రాణీగుంఫా. నడుమ ముంగిలి, మూడు ప్రక్కల రెండేసి అంతస్తులుగా తొలిచిన గదులు, వాని ముందు వసారాలు, నాలుగవ ప్రక్క తెరపి. మీది యంతస్తున నిలిచి చూచినచో ముంగిలి యంతయు అరచేతిలోనిదివలె నుండును. అందుచేత ఇది రాచవారి నాటకశాలయని, రాజపరివారము మీద గూర్చుండి క్రింద జరిగెడి నృత్యములను చూచెడిదని ఒక వాదము పుట్టి మిక్కిలి ప్రచారము పొందెను. క్రింది యంతస్తునందలి ఒక శిల్పము దానికి బలమైనది. అందు మంటపము నీడను ఒక స్త్రీ నాట్యమాడుచుండ, మద్దెల, వీణ, వేణువు మున్నగు వాద్యములు పట్టిన స్త్రీలు ఆమెకు తోడు వాయించుచుందురు. ఒడిస్సీ నృత్యకోవిదులు తమ కళకు మొదటి సాక్ష్యముగా దీనినే చూపుదురు.

మీదినుండి చూచువానికి కన్నుల అభినయమును, పెదవుల కదలికయు అందవు; అడుగులు నేలమీద వేసెడి ముగ్గు అందును. అరకు ప్రాంతపు కొండయూళ్ళలో చైత్రమాసపు పండుగనాడు తుడుము, మోరి, కిరిడి మ్రోగుచుండ స్త్రీలు ఒకరి వెనుకనుండి ఒకరు చేతులు పెనవైచుకొని థింసా యాడుదురు. మిట్టమీద గూర్చున్నవారికి ఆ వరుస చుట్టుకొనుటయు, మరల విచ్చుకొనుటయు పూర్తిగా కనబడును. క్రింద నిలిచినవానికి సగమే దక్కును. అచ్చట రాజాసనము లేదు. చూచువాడు కొంతసేపటికి ఆడువాడగును. రాణీగుంఫా మీది వసారాలో నిలిచినవారికి ఆ ముంగిలి నృత్యమునకే పుట్టినదని తోచుట సహజమే.

కాని గదులలో దూరి చూచినచో నాటకశాలావాదము సడలును. మనుష్యుడు నిటారుగా నిలువలేనంత తక్కువ ఎత్తు. తలదిండుగా వెనుకవైపు ఎత్తుచేసిన నేల. ఇవి తపస్వులు మేను వాల్చెడి అరలు గాని విలాసినుల నేపథ్యగృహములు కావు. ఆ గుహలో ఖారవేలుని పేరు ఎక్కడను లేదు. పురాతత్త్వజ్ఞులు దానిని మునులవాసమనియే చెప్పుదురు. శిల్పమొకటి యున్నంతమాత్రమున ముంగిట నృత్యము జరిగెననుట సాహసము. ఆటపాటలకు దూరముగా నుండవలసిన మునుల వాకిటనే నర్తకిని చెక్కిన దేశమున నృత్యమునకు మన్నన లేదనుట అంతకంటె సాహసము. ఖారవేలుని సమాజములు జరిగిన తావును కొండపై గాక నగరముననే వెదకవలెను. 1948లో బి. బి. లాల్ త్రవ్వకములు జరిపిన శిశుపాలగడ్ కోటయే ఆ కళింగనగరమని పలువురి నమ్మకము. అది చదరపు కోట. ప్రక్కకు రెండు చొప్పున ఎనిమిది ద్వారములు. ఆ ద్వారములగుండ ఊళ్ళనుండి జనులు ఆట చూడవచ్చిరని తలంచుట నాటకశాలావాదముకన్న తక్కువ సొగసైనదైనను ఎక్కువ నమ్మదగినది.

ఆ కొండమీదనే మంచపురి గుహ కలదు. దాని మీది యంతస్తును జైనశ్రమణులకై చేయించినది ఖారవేలుని పట్టమహిషి. స్వర్గపురి యని దానికి వాడుక పేరు. అచ్చటి శాసనము ఆమె తండ్రి పేరు చెప్పి, భర్త పేరు చెప్పి, ఆమె పేరు చెప్పలేదు.

మూడవ యేటివంటి యేడు మరల రాలేదు. నాలుగవ యేట రఠికులును భోజకులును పాదములకు మ్రొక్కిరి. అయిదవ యేట నందరాజు త్రవ్వించిన కాలువ నగరములోనికి పొడిగింపబడెను; ఆరవ యేట ప్రజలకు పన్నులు వదలివేయబడెను. ఎనిమిదవ యేట సేనలు రాజగృహమును బాధించెను. తొమ్మిదవ యేట 38 లక్షలతో మహావిజయమను ప్రాసాదము లేచెను. పదునొకండవ యేట పిథుండ నగరము గాడిదల నాగళ్ళతో దున్నబడెను. అది కృష్ణాతీరపు తెలుగునేలలోనిదని పలువురి యభిప్రాయము. నగరమును వినోదపరచిన రాజే వేరొక నగరమును చాళ్ళు తీయించెను. శాసనము రెండింటిని ఒకే గర్వముతో చెప్పును. పండ్రెండవ యేట మగధరాజు లొంగెను. పూర్వము నందరాజు కొనిపోయిన కళింగజినమూర్తి స్వదేశమునకు తిరిగివచ్చెను. పదుమూడవ యేట కుమారీపర్వతమున మునులకు గుహలు తొలువబడెను. అన్ని మతములవారిని పూజించినవాడనియు, అన్ని దేవాలయములను బాగుచేయించినవాడనియు బిరుదములు చెప్పి శాసనము ముగియును. రాజు వయస్సు అప్పటికి నలువదికి లోపే.

ఆ వంశము దక్షిణమునకు వచ్చెననుటకు గుంటుపల్లి సాక్ష్యమిచ్చుచున్నది. అచ్చటి స్తంభశాసనమున సిరిసదుడను రాజు కళింగ మహిషక దేశములకు ప్రభువని, మహామేఘవాహన కులజుడని చెప్పబడెను. ఉదయగిరి శాసనమునకు మాత్రము చదువరులు చాలకాలము లేరు. 1820లో స్టర్లింగు దానిని చూచునాటికి ఆ లిపి ఎవరికిని తెలియదు. 1837లో ప్రిన్సెప్ ప్రకటించెను గాని రాజు పేరును పట్టలేకపోయెను. 1885లో భగవాన్‌లాల్ ఇంద్రజీ ఖారవేలుడను పేరును తేల్చెను. ఎండయు వానయు నడిమి పంక్తులను మిక్కిలి తినివేసినవి. మొదటి కొన్ని పంక్తులు బాగుగనే నిలిచినవి. నృత్యసమాజముల మాట వానిలోనిదే.